రాణి టీచరు గిటారుకు ఎర్త్

రిటైరవడానికి రెండేళ్ళ ముందు నన్ను కరెంటు శాఖలో రేపల్లె సెక్షన్‌కు ఏఈగా వేశారు. ఏఈ అంటే అసిస్టెంట్ ఇంజనీరు. లైన్‌మెన్లందరికీ పైన, డీఈ గారి తిట్లన్నిటికీ కింద ఉండే ఉద్యోగం. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్ళి వచ్చేవాణ్ణి.

ఆ వేసవిలో చెరుకుపల్లి నుంచి రాణి టీచరు ఆఫీసుకు వచ్చారు. బళ్ళో లెక్కలు చెబుతారు, ఆదివారం చర్చిలో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తూ పాడతారు. పాడేటప్పుడు మైకుకు పెదాలు తగిలితే షాక్ కొడుతోందట. షాక్ తీగల నుంచే వస్తోందని వాళ్ళ అన్నగారు గిటారు లోపల ఒక వైరు కత్తిరించారు. షాక్ పోయింది గాని, స్పీకర్లో గుయ్యిమని మోత మొదలైంది. పాట వినబడడం లేదు, గిటారు పక్కన పెట్టమని పెద్దలు చెప్పేశారు.

"గిటారు లేకుండా నాకు పాట రాదండి," అన్నారావిడ.

మీటరు దాటాక లోపలి వైరింగు మా శాఖది కాదు. ఆ మాటే చెప్పి పంపేయవచ్చు. కానీ ఎవరికైనా షాక్ కొడుతోందని వింటే నాకు అన్నం సయించదు. శనివారం సోల్డరింగ్ ఐరన్ సంచిలో వేసుకుని చర్చికి వెళ్ళాను. టీచరూ, వాళ్ళ అన్నగారూ తలుపు తీసి ఉంచారు.

గిటారు వెనక మూత విప్పాను. తీగలు ఆనే ఇనుప బ్రిడ్జి నుంచి వచ్చే నల్లవైరు తెగి, టేపు చుట్టుకుని ఉంది. తీగలను ఎర్త్‌కు కలిపేది అదే. అది ఉంటే, తీగల మీద చెయ్యి పడగానే మోత అణుగుతుంది. పాపం, అన్నగారు ఏ నేరమూ చేయని వైరును కోశారు.

అసలు దొంగ ఆంప్లిఫైయరు దగ్గర దొరికాడు. గోడ సాకెట్‌కు రెండే కన్నాలు ఉన్నాయని, ప్లగ్గుకున్న లావుపాటి ఎర్త్ పిన్ను విరిచి దూర్చారు. మా వైపు మిక్సీ దగ్గర్నుంచి ఇస్త్రీపెట్టె దాకా ఆ మూడో పిన్నుకు ఆయుష్షు తక్కువ. మైకు సెట్టుకు ఎర్త్ ఉంది, దీనికి లేదు. రెంటి మధ్యా నా వోల్టు మీటరు పెడితే తొంభై వోల్టులు. అదంతా ఆవిడ పెదాలే భరించాయి.

మెయిన్ బోర్డు నుంచి ఎర్త్ వైరు లాగి మూడు కన్నాల సాకెట్ బిగించాను, ప్లగ్గు మార్చాను. గిటారులో ఎర్త్ వైర్లన్నీ కలిసేది వాల్యూమ్ నాబ్ కింది రేకు డబ్బీ దగ్గర; దాని వీపును బ్లేడుతో గీకి, నల్లవైరును అతికించాను. గీకకపోతే సీసం ఉండకడుతుందే గాని అతకదు. మోత ఆగింది. మీటరు సున్నా చూపించింది.

ఇక పాడమన్నాను. ఆవిడ కదల్లేదు. మీటరు చూపించాను.

"మీటరుకు పెదాలుండవు కదండీ."

గిటారు నేనే తగిలించుకుని, తీగల మీద ఒక చెయ్యి వేసి, రెండో చేతి వేళ్ళ వెనక వైపుతో మైకు ముట్టుకున్నాను. అది మా వృత్తిలో అలవాటు. కరెంటుంటే పిడికిలి బిగుసుకుంటుంది, అరచేత్తో ముడితే వదిలించుకోలేం.

"చెయ్యి కాదు సార్, పెదాలు," అన్నారు టీచరు. అన్నగారు నవ్వాపుకోలేక తల తిప్పుకున్నారు. తలనెరిసిన ఆఫీసర్ని, మైకుకు ముద్దు పెట్టాను. అప్పుడు టీచరు గిటారు అందుకున్నారు. మొదటి చరణం మూరెడు దూరం నుంచే పాడారు. రెండో చరణానికి పెదాలు మైకును తాకాయి. ఆవిడ ఆగలేదు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

మీటరు చూపే సున్నా ఇంజనీరుకు సరిపోతుంది, తీగ పట్టుకునేవాళ్ళకు సరిపోదు. మిగిలిన సర్వీసులో, ట్రాన్స్‌ఫార్మర్‌కు సరఫరా ఆపి ఎర్త్ చేసిన ప్రతిసారీ, లైన్‌మన్ కంటే ముందు నేనే చెయ్యి వేశాను.