మామ ఖాళీ చేయించిన వీధి

ఫోన్లో మామ రెండుసార్లు చెప్పాడు, "బస్సులోనే రా నాయనా" అని. మామ అంటే మా అమ్మ తమ్ముడు మునిరత్నం. గుడియాత్తంలో లుంగీలు నేస్తాడు. ఆ వీధిలో ఇప్పుడు చేనేత మగ్గం మిగిలింది ఆయన ఇంట్లోనే. "బుధవారం పొద్దున్నే పడుగు చాపల్ల, చేతులు చాలవు. ఇది బాగా వస్తేనే యజమాని మళ్ళీ నూలు ఇస్తాడంట. లేకుంటే అంతా పవర్‌లూముకే" అన్నాడు. పడుగు చాపడానికి సాయంగా తప్పక వస్తానన్నాను. బస్సు మాట మాత్రం చెవిన పెట్టలేదు. కారు కొని మూడు నెలలైంది, ఫోటో పంపాను కానీ అత్తకు ఇంకా చూపించలేదు. పెట్రోలు దండగని అంటున్నాడులే అనుకున్నాను. ఎందుకని ఒక్క మాట అడిగి ఉంటే నా సొమ్మేం పోయేది!

బుధవారం తెల్లవారుజామున ఐదింటికి వేలూరులో బయలుదేరాను. కాట్పాడి, లత్తేరి, కె.వి.కుప్పం మీదుగా గంట ప్రయాణం. చిన్నప్పుడు ఇదే దారిలో ఇంటిల్లిపాదీ ఒకే బస్సులో, ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుని వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు లత్తేరి దాటేలోపే ఎన్ని కార్లు ఎదురొచ్చాయో, చాలావాటిలో మనిషి ఒక్కడే. నా కారులోనూ అంతే, పక్క సీట్లో అత్తకు కొన్న పళ్ళ సంచి తప్ప ఎవరూ లేరు.

ఆరింటికి మామ వీధిలోకి తిరిగాను. అది ఇరుకు వీధి. మామూలుగా ఈ చివర నుంచి ఆ చివర దాకా కార్లే, నడవడానికే దారి ఉండదు. ఆ రోజు ఒక్కటీ లేదు! అబ్బ, ఏం అదృష్టం అనుకుని మామ ఇంటికి నాలుగిళ్ళ అవతల గోడవారగా ఆపి తాళం వేశాను. ఫోను ఛార్జింగుకు కారులోనే వదిలేశాను. బయట ఎవరూ కనిపించలేదు. టిఫిను పట్టుకెళ్ళి ఆశ్చర్యపరుద్దామని సందు చివరి హోటలుకు నడిచాను.

"ఇడ్లీ ఇంకా ఉడకలే అప్పా, కొంచెం కూర్చో" అంది పొయ్యి దగ్గరున్న ఆమె. "ముందంతా ఈ టయానికి నేతోళ్ళు గుంపుగా టీకి వస్తా ఉండిరి. ఇప్పుడు యాడ ఉండారు? అందురూ కారెక్కి కంపెనీలకి పోతా ఉండారు." నలభై రూపాయలకు ఎనిమిది ఇడ్లీలు, సాంబారు వేరే కవర్లో. అరగంట పట్టింది.

తిరిగొచ్చేసరికి నా కారు చుట్టూ జనం. పడుగంటే నిలువు పోగులు. వాటిని గంజిలో ముంచి, తడి ఆరకముందే వీధి పొడవునా చాచి, రెండువైపులా నిలబడి కుంచెలతో దువ్వాలి. ఆలస్యమైతే పోగులన్నీ అంటుకుపోతాయి. మామ పెరట్లో నూలు ముంచి బయటికి తెచ్చేసరికి ఆ ఇరుకు వీధిలో పడుగుకు అడ్డంగా నా కారు. తోసి చూశారట, కదల్లేదు. నాకు ఫోను చేస్తే అది కారు లోపలే మోగింది. అత్త గంజి చేతులతో పోగులు విడదీస్తోంది, అవి పుటుక్కు పుటుక్కుమని తెగుతున్నాయి.

"నిన్న సాయంత్రం మునిరత్నం అన్న ఇంటింటికీ వచ్చి బతిమలాడినాడు, ఎనిమిది దాకా కార్లు సంతమైదానంలో పెట్టండప్పా అని" అంది ఎదురింటి సెల్వి. ఆమె కారు కూడా ఆ మైదానంలోనే ఉంది. "అందురూ తీసిరి."

కారు వెనక్కి తీశాను, కానీ అప్పటికే సగానికి పైగా నూలు గట్టిపడిపోయింది.

"తిట్టు మామా" అన్నాను.

"నీకేం తెలుసు నాయనా. ఫోటోలో చూసినా కదా, నీదేనని తెలిసింది." చేతిలో కుంచె గోడకు ఆనించాడు. "ఇంకోతూరి వాళ్ళని ఏం మొగం పెట్టుకుని అడిగేది? చాలు, మగ్గం విప్పేస్తాను." కారు వైపు చూసి, "మీ అత్తను ఒక సుట్టు తిప్పి తీసుకురా. నీ కారు ఎక్కల్లని ఆశగా ఉండాది" అన్నాడు.

అత్త సీటుకు గంజి అంటుతుందని చేతులు ఒళ్ళో పైకి తిప్పి పెట్టుకుని కూర్చుంది. పరదరామి రోడ్డులో కొంత దూరం వెళ్ళి వచ్చాం. "బాగుండాది నాయనా, చల్లగా ఉండాది" అంది. నేను ఏడ్చాను, ఆమె చూడనట్టే బయటికి చూసింది. తిరిగొచ్చేసరికి వీధి నిండా మళ్ళీ కార్లు నిలబడ్డాయి. నాకు చోటు దొరకలేదు.

కారు కొన్నందుకు నేను సిగ్గుపడటం లేదు. నాన్న జీవితమంతా ఫుట్‌బోర్డు మీద వేలాడాడు. ఈ వీధివాళ్ళూ కష్టపడే కొనుక్కున్నారు, అడిగితే మారుమాట లేకుండా తీశారు కూడా. ఆ రెండు గంటలూ చెడగొట్టింది మాత్రం ఇంటి మనిషిని నేనే. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. వేలూరు నుంచి గుడియాత్తానికి బస్సులు తరచుగా ఉన్నాయి, దిగాక షేర్ ఆటో దొరుకుతుంది. కారులోనే వెళ్తే, పొద్దున్నే మగ్గాల వీధి ఖాళీగా కనిపించినా అక్కడ ఆపకండి. ముందు ఏదో ఒక తలుపు తట్టి అడగండి.