పొద్దున గాలి ఉండదు

కసీల్దా గురులే చెయ్యని తప్పుకు ఆమె ముఖాన్ని ఊరంతటికీ చూపించారు. ఒకసారి చూపించి ఊరుకున్నా సరిపోయేది. ప్రతి వసంతంలోనూ చూపిస్తూనే ఉన్నారు. పడమటి మెట్ట మీంచి మట్టిగాలి లేచి, మా అల్బుకర్కీ పట్నంలో పట్టపగలే బళ్లు లైట్లు వేసుకుని తిరిగే రోజున సాయంత్రం వార్తల్లో ఆమె తప్పక వస్తుంది. వెనక మంట, చేతిలో నీళ్లగొట్టం, ముఖం నిండా మసి. తలగుడ్డ జారిపోయి నెరిసిన జుట్టు ఎగురుతూ ఉంటుంది. "ప్రతి ఏడూ కాలుస్తాం. పొద్దున గాలి ఉండదు" అంటుంది. ఆ మాట నోట్లో ఉండగానే మంట ఎగిరి పక్కవాళ్ల కంచె మీద పడుతుంది. అక్కడికి ఆపేస్తారు. వార్తలు చదివే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకుంటారు. ఆ తరవాత గాలి హెచ్చరికలు.

ఆ రోజు అగ్గిపుల్ల గీసింది మా తాత.

మాది దక్షిణ లోయ. నదిలోంచి తీసిన పాత కాలువ మా ఇళ్ల వెనకనుంచి పోతుంది. చలికాలమంతా ఎండిపోయి ఉంటుంది. నీళ్లు వదిలే ముందు ఇంటికొకరు పార పట్టుకుని దిగి పూడిక తియ్యాలి, గట్ల మీది ఎండుగడ్డి కాల్చాలి. ఏ రోజు కాల్చాలో, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చెప్పేవాడు కాలువ పెద్ద. ఆ పెద్దరికం మా తాత ఒనేసిమో బరేలాది. టీవీ వాళ్ల హెచ్చరికలను ఆయన లెక్కచెయ్యడు. వసంతంలో గాలి మధ్యాహ్నానికి గాని లేవదని, తెల్లారగానే అంటిస్తే ఎండెక్కేలోపు పని అయిపోతుందని ఆయనకు వాళ్ల నాన్న చెప్పాడు. 'పొద్దున గాలి ఉండదు' అన్నది కసీల్దా కనిపెట్టిన మాట కాదు. మా కాలువ మీద పుట్టిన ప్రతివాడికీ అది ఉగ్గుపాలతో పోసిన మాట.

ఆ ఏడు గాలి పొద్దున్నే వచ్చింది. పక్కింటి గ్రియేగోల గుర్రాల కొట్టం కాలిపోయింది. ఒక ఆడగుర్రం చచ్చిపోయింది. మగవాళ్లంతా ఎవరి ట్రక్కులు, ఎవరి పశువులు వాళ్లు తప్పించడానికి పరుగెత్తారు. ఫైరింజనుకు దారి చూపిస్తానని తాత రోడ్డు మీదికి వెళ్లాడు. గొట్టం పట్టుకుని నిలబడింది కసీల్దా ఒక్కతే. ఫైరింజను కన్నా ముందు టీవీ బండి వచ్చింది. ఇలాంటి రోజున ఎందుకు కాల్చారని అడిగారు. తెలిసిన మాట చెప్పింది. ఆ సాయంత్రానికి ఆమె 'గడ్డి అంటించిన మహిళ' అయిపోయింది.

అంతకుముందు ఆమె బడి వంటగదిలో పనిచేసేది. భర్త తిబూర్సియో పోయాక ఇంటి తరఫున కాలువలోకి మగమనిషిని పంపమంటే, "నాకు చేతుల్లేవా?" అని తనే పార పట్టుకుని దిగింది. మా కాలువలో దిగిన మొదటి ఆడమనిషి ఆమేనట. పూడిక ఎత్తిపోయడంలో మగవాళ్ల కన్నా వెనకబడలేదు గాని, వాళ్లకన్నా ఎక్కువ మాట్లాడేది. వాళ్లకు కోపం తెప్పించింది అదే అని నా అనుమానం.

మంట తరవాత బళ్లో పిల్లలు పళ్లాలు పట్టుకుని వరసలో నిలబడి, "అవ్వా, పొద్దున గాలి ఉందా?" అని అరిచేవారు. ఆమె పని మానేసింది. మాంసం కొట్టు వాడు కూడా, "ఏం కసీల్దక్కా, బొగ్గులు కావాలా, నీ దగ్గరే ఉన్నాయా?" అనేవాడు. కొట్టుకు వెళ్లడం మానేసింది. ఆఖరికి తాత కబురు పంపాడు. ఆమె కాలువలోకి రానక్కర్లేదు, మనసు బాగోలేదు కదా, ఆమె వంతు పని మా మనవడు చేస్తాడు అని. ఆ మనవణ్ణి నేనే.

టైర్ల కొట్లో పంక్చర్లు వేసుకునే వాణ్ణి. పల్లేరుకాయలు ఉన్నంతకాలం ఈ ఊళ్లో నా ఉద్యోగానికి ఢోకా లేదు. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాలు చదువుకుంటూ, ఈ ఊరు నన్ను ఎప్పుడు వదిలిపెడుతుందా అని చూసేవాణ్ణి. పూడిక తీసిన రోజు ఆమె పార ఆమెకు తిరిగిచ్చే వంకతో వెళితే భోజనం పెట్టేది. చర్చివాళ్ల నలభై రోజుల ఉపవాసాల కాలం కాబట్టి మాంసం ఉండేది కాదు. ఎర్రమిరప పులుసులో గుడ్డు వడలు, మొలకెత్తిన గోధుమల పిండితో చేసిన హల్వా. కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి ఉండేవి. అయినా పళ్లెం మీద సన్నటి మట్టిపొర.

"తిను నాయనా, మట్టి కూడా మన కాలువదే" అనేది. "ఏ పక్క పూడిక ఎక్కువుంది? గ్రియేగోల వంపు దగ్గర సరిగ్గా తవ్వారా? అక్కడ తవ్వకపోతే నా చెట్లకు నీళ్లెక్కవు."

"తవ్వాం అత్తా."

"నువ్వు తవ్వావా, తవ్వినట్టు నిలబడ్డావా? నీ చేతులు చూస్తే పుస్తకం పట్టుకున్నట్టే ఉన్నాయి."

ఆమెకు పెద్ద తోటేమీ లేదు. దొడ్లో కొన్ని ఆప్రికాట్ చెట్లు, ఒక మిరపమడి, అంతే. వాటి నీళ్లు మా తాత చేతిలో ఉన్నాయి. అందుకే ఆమె నోరు విప్పలేదు. ఆ ఇంట్లో తలుపులు, కిటికీలు, కూలర్ గొట్టం, అన్నీ బిగించుకుని కూర్చుని, టీవీలో తన ముఖం వచ్చేదాకా గాలి వార్తలు చూసేది. వచ్చాక కట్టేసేది. "ఇవాళ కూడా అయిపోయింది" అనేది, మందు బిళ్ల వేసుకున్నట్టు.

ఈ ఏడు ఫిబ్రవరిలో నేను తాతను అడిగాను. ఆయన వరండాలో పార పదును పెడుతున్నాడు.

"తాతా, ఒక్కసారి టీవీ వాళ్లకు ఫోన్ చేసి నేనే అంటించానని చెప్పొచ్చు కదా?"

"ఎవడికి చెప్పాలి? గుర్రం పోయినందుకు గ్రియేగోకు చెప్పాను. వాడికి తెలుసు, నాకు తెలుసు. టీవీ వాడు నా మేనల్లుడా?"

"ఊరంతా ఆవిణ్ణి చూసి నవ్వుతోంది."

"నవ్వితే ఏం, ఒంట్లో మాంసం ఊడిపోయిందా? కాలువ పెద్దకు బుద్ధిలేదని ఊళ్లో తెలిస్తే రేపు కాలువే అక్కర్లేదంటారు, కాల్చడమే వద్దంటారు. కసీల్దాకేముంది, నాలుగు చెట్లు. పుస్తకాలు చదివినోడివి, పెద్దది ఏదో చిన్నది ఏదో తెలీదూ?"

ఆయనతో వాదించి గెలవలేనని లేచి వచ్చేశాను. టీవీ వాళ్లకు నేనే ఫోన్ చేశాను. కసీల్దా అత్తకు చెబితే ముందు చేటతో కొట్టినంత పని చేసింది. "మీ తాత నీళ్లు ఆపేస్తే నువ్వు ఉచ్చపోసి తడుపుతావా నా చెట్లని?" అంది. రెండు రోజుల తరవాత తనే టైర్ల కొట్టుకు వచ్చింది. బయట మనుషుల్లోకి ఆమె రావడం చూసి ఎన్నాళ్లయిందో. తలుపు దగ్గరే నిలబడి, "రమ్మను. ఒక్కసారి చెప్పేసి చచ్చిపోతా" అంది.

వచ్చిన పిల్ల పేరు బ్రియెల్. ఏదో వానలు పడే రాష్ట్రం నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చింది. కెమెరా తనే మోసుకుంది. మంచి పిల్లే. కాకపోతే గాలి లేని రోజున మా కథ వాళ్లకు అక్కర్లేదట. గాలి రోజు కోసం ఆగి వచ్చింది. ఆ మధ్యాహ్నం ఊరికి తూర్పున నిలబడే శాందియా కొండలు దుమ్ములో కనపడలేదు. ఎండిన ముళ్లపొదలు రోడ్డు మీద పశువుల్లా దొర్లుకుంటూ పోయి కంచెలకు తగిలి ఆగుతున్నాయి. కసీల్దా చర్చికి వేసుకునే నల్లకోటు వేసుకుని, జుట్టు గట్టిగా ముడి వేసి పిన్నులు గుచ్చుకుంది. కాలువ గట్టు మీద, మంట మొదలైన చోటే నిలబడింది.

"అమ్మా, ఆ రోజు ఏం జరిగింది?" అని ఆ పిల్ల అరిచి అడిగింది.

కసీల్దా కెమెరాలోకి సూటిగా చూసింది. "నేను అంటించలేదు. అంటించింది ఒనేసిమో బరేలా. మా కాలువ పెద్ద. నేను ఆర్పాను. అందరూ పారిపోతే నేను ఆర్పాను" అంది. ఇంగ్లీషులో, బళ్లో పిల్లలకు చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. పక్కనే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను. చెప్పాక కోటు మీది మట్టి దులుపుకుంది. నా చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం ఆమె ఇంట్లో కూర్చున్నాం. గుడ్డు వడలు చేసింది గాని ఇద్దరం ముట్టలేదు. గాలి వార్తలు మొదలయ్యాయి. ఎక్కడో రేకుల కప్పు ఎగిరిపోయింది. ఎవరి ఇంటి తలుపో ముళ్లపొదలతో మూసుకుపోతే లోపలివాళ్లు కిటికీలోంచి దూకారు. ఆ తరవాత నల్లకోటులో కసీల్దా. పెదాలు కదులుతున్నాయి. మాట లేదు. ఆ మాటల మీదుగా వార్తలు చదివే మనిషి గొంతు, 'మూడేళ్ల కిందటి మంటను గుర్తుచేసుకున్న దక్షిణ లోయ మహిళ' అంటోంది. వెంటనే పాత బొమ్మ. వెనక మంట, ముఖాన మసి. దానికి మాత్రం గొంతు ఉంది.

"పొద్దున గాలి ఉండదు."

బ్రియెల్ ఫోన్ చేసింది. మైకులో గాలి హోరు తప్ప ఒక్క ముక్క వినపడలేదని, తను వద్దన్నా పైవాళ్లు పాతది కలిపారని, క్షమించమని చెప్పింది. ఇంకోసారి వస్తానంది.

"ఎప్పుడొస్తుందట?" అని కసీల్దా అడిగింది.

"మళ్లీ గాలి వచ్చినప్పుడు."

ఆమె నవ్వింది. తడిగుడ్డ తీసుకుని, అప్పటికే కుక్కి ఉన్న కిటికీ సందులో ఇంకోసారి కుక్కింది.

ఊరికి వినపడలేదు గాని, వినాల్సిన మనిషికి చేరింది. రాత్రి మళ్లీ వేసినప్పుడు మా ఇంట్లో తాత కూడా ఆ వార్తలు చూశాడు. నలభై ఏళ్లుగా చూస్తున్న మనిషి పెదాల మీద తన పేరు గుర్తుపట్టడానికి మైకు అక్కర్లేదు. పళ్లెం పక్కకు నెట్టి లేచి వెళ్లిపోయాడు. ఏప్రిల్లో నీళ్లు వదిలినప్పుడు కసీల్దా వంతు అందరికన్నా చివరికి పోయింది. అడిగితే, "వంతు వంతే. గట్టు మరమ్మతులున్నాయి" అన్నాడు. వంతు వచ్చేసరికి గ్రియేగోల వంపు దాటి నీళ్లు ఎక్కలేదు. అప్పటికి కాలువలో బురద తప్ప ఏమీ లేదు. ఆప్రికాట్ పూత ముందే గాలికి పోయింది, నిలిచిన పిందెలు ఎండి రాలాయి. బకెట్లతో పోద్దామని వెళ్లాను. అంత దాహానికి బకెట్లేం చేస్తాయి.

చివరిసారి ఆమెను చూసింది ఆ నెలాఖరున. దగ్గర్లోని బెలెన్ ఊళ్లో ఉన్న ఆమె చెల్లెలు వచ్చి తనతో ఉండమంటోందట, వెళ్లనంది. వెళితే మంట పెట్టి పారిపోయిందంటారట. చెట్ల కింద పిందెలు ఊడ్చి కుప్ప చేస్తోంది. పార తిరిగిచ్చాను. పదును చూసింది, బొటనవేలితో తడిమింది. ఎప్పటిలా మళ్లీ నాకు ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకుంది.

"వచ్చే మార్చిలో గడ్డి కాల్చే రోజు నాకు చెప్పు నాయనా" అంది. "నేనే వస్తా. ఈసారి అగ్గిపుల్ల నేనే గీస్తా. అప్పుడన్నా టీవీ వాళ్లు నిజం చెప్పినట్టవుతుంది."