లామినేషన్ చేయించిన పే స్లిప్పు

పెళ్లిచూపుల్లో చాయ్ ఒలకబోసుకున్నవాళ్లను చూశాను. అమ్మాయి అనుకుని పక్కన కూర్చున్న వదినను చూసి తల ఊపి వచ్చినవాళ్ల గురించి విన్నాను. వాళ్ల మీద నాకు జాలి లేదు. వాళ్ల తప్పులకు సాక్ష్యం లేదు కాబట్టి, నాలుగేళ్లు పోతే అలాంటిదేమీ జరగలేదని బుకాయించవచ్చు. నాకు ఆ అదృష్టం లేదు. నేను చేసిన ఘనకార్యానికి కాగితం ఉంది. దాన్ని నా చేతులతో, నా డబ్బులతో లామినేషన్ చేయించి మరీ అమ్మాయికి ఇచ్చి వచ్చాను. అది ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. నీళ్లలో నానదు, చిరగదు, చెద పట్టదు.

ఎనిమిదేళ్ల కిందటి మాట. నాకు ఇరవయ్యారేళ్లు. మా బాపు ఒంట్లో బాగాలేక గని పని మానేస్తే ఆ ఉద్యోగం నాకు వచ్చింది. గోదావరిఖనిలో భూగర్భ గనిలో ఫిట్టర్‌ని. అంటే పంపులు, మోటార్లు, పైపులు ఎక్కడ మొండికేస్తే అక్కడికి పానాలు పట్టుకుని పోవాలి. మా దగ్గర ఆదివారం సెలవు. ఆ రోజు పనికి వస్తే మాత్రం రెండు రోజుల జీతం. దాన్ని మేము ప్లేడే అంటాం. ఆడుకోవలసిన రోజున పని చేయడానికి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, వాళ్లు నాకంటే హాస్యప్రియులు.

ఇక అమ్మాయి సంగతి. రామగుండంలో చుట్టాల పెళ్లిలో బగారన్నం బకెట్టు నా చేతికి ఇచ్చారు. ఒక వరుసలో ఒకే విస్తరి దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. మూడోసారి ఆ విస్తరి ముందున్న అమ్మాయి తలెత్తి, "అన్నం నాకు పెడుతున్నరా, విస్తరికి పెడుతున్నరా?" అని అడిగి నవ్వింది. అంతే, నా పని అయిపోయింది. పేరు స్రవంతి, కమాన్‌పూర్‌లో ఒక బడిలో లెక్కల టీచరు, తండ్రి కొమురయ్య గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఇవన్నీ ఆ సాయంత్రానికల్లా మా రవి బావ కనుక్కుని వచ్చాడు. రవి బావ అంటే మా అక్క భర్త. ఊళ్లో ఎవరికి పెళ్లి కావాలన్నా ఆయన బండిలో పెట్రోలు కావలసిందే.

వారం తిరక్కుండానే బావ ఇంకో కబురు కూడా తెచ్చాడు. "వాళ్లకు హైదరాబాదు సంబంధమొకటి వచ్చిందట. కంప్యూటర్ల పని. జీతం నీకు డబుల్ అట," అన్నాడు.

మామూలు మనిషైతే ఆ మాటకు దిగులుపడతాడు. నాకు మాత్రం డబుల్ అన్న మాట వినగానే ఆదివారం గుర్తుకొచ్చింది. మూడు నెలలు ఒక్క ఆదివారం వదలకుండా ప్లేడేలు చేస్తే నా పే స్లిప్పు ఎలా బలుస్తుందో కళ్లముందు కనిపించింది. బలిసిన పే స్లిప్పును చూస్తే ఏ మామ మాత్రం కాదంటాడు? ఇరవయ్యారేళ్ల బుర్రకు ఇది మహా ఉపాయంగా తోచింది. మీకు ఇప్పుడే అందులో కన్నం కనిపించి ఉంటుంది. నాకు కనిపించడానికి మూడు నెలలు పట్టింది.

ఆదివారం డ్యూటీ అడగ్గానే దొరకదు. దానికి మా ఓవర్‌మన్ సారు దయ ఉండాలి. గనిలో మా పనులు పంచే పెద్దమనిషి ఆయన. ఆయన టిఫిన్ డబ్బా మోశాను, ఆయన కొడుకు సైకిలు బాగుచేశాను, ఆయన చెప్పిన పాత కథలకు కొత్తగా నవ్వాను. ఆదివారాలన్నీ నావైపోయాయి. నిద్ర మాత్రం ఎవరిదైపోయిందో తెలియదు. మంగలి కుర్చీలో నిద్రపోయాను, బ్యాంకు వరుసలో నిలబడి నిద్రపోయాను, ఒకరోజు బూట్లు విప్పుతూ ఒక బూటుతోనే నిద్రపోయాను. మా అవ్వ, అంటే అమ్మ, "వీడు ఇంటికి బువ్వ తినెటందుకు వస్తుండా, అంగీ మార్చుకునేటందుకు వస్తుండా?" అని గోడను అడిగేది, ఎందుకంటే నేను వినే స్థితిలో ఉండేవాడిని కాదు.

ఈలోగా బావ పెళ్లిచూపులు ఖాయం చేశాడు. అమ్మాయికి బడి ఉంటుంది కాబట్టి ఆదివారం. నాకు ఆ రోజు ప్లేడే ఉందని చెప్పాను. వాళ్లు పెద్దమనసుతో తర్వాతి నెలలో ఇంకో ఆదివారం చెప్పారు. అప్పుడూ ప్లేడే ఉందన్నాను. అమ్మాయికి నచ్చడం కోసం డబ్బు సంపాదిస్తూ, ఆ సంపాదనలో పడి అమ్మాయిని చూడ్డానికే పోలేదన్నమాట. మా బావ ఫోనులో, "పిల్లను చూసుటానికే తీరిక లేనోనికి పెళ్లెందుకురా?" అని పెట్టేశాడు.

చివరికి మూడో నెల పే స్లిప్పు వచ్చింది. నాలుగు ఆదివారాలు, నాలుగు ప్లేడేలు. కింద మొత్తం చూసి నాకే నా మీద గౌరవం కలిగింది. నేరుగా చౌరస్తాలో జిరాక్స్ షాపుకు పోయి లామినేషన్ చేయమన్నాను. షాపతను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నెలనెల వచ్చేదే కదన్న?" అన్నాడు. ఇలాంటిది నెలనెలా రాదని చెప్పాను.

ఆ తర్వాతి ఆదివారం వదులుకుని, శనివారం నైట్ షిఫ్టు దిగి, తలస్నానం చేసి బావ బండెక్కాను. మే నెల. కమాన్‌పూర్ చేరేసరికి ఇద్దరం అప్పడాల్లా ఉన్నాం. కొమురయ్య మామ మమ్మల్ని సరిగ్గా కూలరు ముందు కూర్చోబెట్టాడు. నన్ను అడిగితే, నైట్ షిఫ్టు దిగినవాణ్ణి పెళ్లిచూపుల్లో కూలరు ముందు కూర్చోబెట్టకూడదు.

సకినాలు వచ్చాయి, చాయ్ వచ్చింది, స్రవంతి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఏం పని, ఎన్నేళ్ల నుంచి అని మామ అడగబోతుండగానే నేను జేబులోంచి పే స్లిప్పు తీసి అందించాను. నా గురించి చెప్పాల్సిందంతా ఆ కాగితమే చెప్పాలని నా ఉద్దేశం. మామ కళ్లద్దాలు దొరక్క దాన్ని కూతురికిచ్చి, చదవమన్నాడు. ఆమె చదవడం మొదలుపెట్టింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం ఎప్పుడు వస్తుందా అని చూస్తూ, కూలరు గాలికి ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, కళ్లు మూశాను.

తెరిచేసరికి చాయ్ మీద మీగడ కట్టి ఉంది. నా తొడ మంటపుడుతోంది, బావ గిల్లిన గుర్తులు తర్వాత లెక్కపెడితే ఆరు. గోడ గడియారంలో గంటంబావు గడిచిపోయింది. స్రవంతి మాత్రం అక్కడే కూర్చుని ఉంది, చేతిలో నా పే స్లిప్పుతో.

"మంచిగ పండుకున్నరు. లేపొద్దని నేనే చెప్పిన," అంది. తర్వాత బళ్లో పిల్లవాణ్ణి అడిగినట్టు, "ఈ నెలల ఆదివారాలెన్ని?" అని అడిగింది.

నాలుగు అన్నాను. ప్లేడేలు ఎన్ని అంది. అవీ నాలుగే అన్నాను, కొంచెం ఛాతీ విరిచి.

"మరి ఇంటికాడున్నవెన్ని?"

తీసివేత చిన్నదే. నేను చాయ్ మీది మీగడను వేలితో పక్కకు తోశాను. ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట చెప్పుకోవాలి. గని కార్మికుడి పే స్లిప్పు హైదరాబాదులో పుట్టిన అమ్మాయికి చూపిస్తే కింద మొత్తం చూస్తుంది. నేను చూపించింది చిన్నప్పటి నుంచి అలాంటి కాగితాలు చూస్తూ పెరిగిన అమ్మాయికి. పైగా లెక్కల టీచరు. ఆమె కింద చూడలేదు, నా ఆదివారాలు చూసింది.

"మా బాపు ముప్పై ఏండ్లు గిట్లనే చేసిండు," అంది. "నా చిన్నప్పుడు బాపును లేసి ఉన్నప్పుడు చూసింది తక్కువ. పండుకున్నడు, సప్పుడు చెయ్యకుండ్రి అని అవ్వ అనుడే యాదికున్నది. మీరు ఇందాక పండుకుంటే నాకు గదే ఇల్లు యాదికొచ్చింది. గురక కూడ గదే."

కొమురయ్య మామ నవ్వబోయి ఆగిపోయాడు. కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "పైసలకు ఎన్నడు తక్కువ చెయ్యలే కొడుకా," అన్నాడు నాతో. "కానీ నా బిడ్డ ఎప్పుడు పెద్దగైందో నాకెరుక లేదు."

నాకు సిగ్గేసింది. నిద్రపోయినందుకు కాదు, మూడు నెలలుగా మెలకువగా ఉండి చేసిన పనికి. అయినా ఆశ చావక, హైదరాబాదు సంబంధం ఏమైందని అడిగాను.

"ఆయన జీతం మంచిగనే ఉన్నదట. కానీ ఆఫీసు పనుందని ఒక ఆదివారం రాలే," అంది స్రవంతి. "మీరు రెండు ఆదివారాలు రాలే. లెక్కల మీరే ముందున్నరు."

బావ నేలవైపు చూశాడు. నేను లేవబోయాను. అప్పుడామె, "ఆదివారాలు లేని కాగితమొకటి తీసుకరాండ్రి. అప్పుడు మాట్లాడుదం," అంది. లామినేషన్ చేసినది మాత్రం తిరిగివ్వలేదు. దారిలో బావ, జీతం తగ్గించుకుని రమ్మన్న పిల్లను తన జన్మలో చూడలేదన్నాడు.

తగ్గించుకోవడం పెంచుకోవడం కంటే కష్టమని అప్పుడు తెలిసింది. ఈ నెల ప్లేడేలు వద్దని చెబితే ఓవర్‌మన్ సారు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "దవాఖానకు పోయొస్తవా?" అన్నాడు. ఆదివారం ఇంట్లో కనిపించేసరికి పక్కింటివాళ్లు నన్ను సస్పెండ్ చేశారేమోనని అవ్వను చాటుగా అడిగారు. మా వీధి కుక్క నన్ను దొంగనుకుని మటన్ షాపు దాకా మొరుగుతూ వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఒక వింత కనిపెట్టాను. మా బాపు ప్రతి ఆదివారం అరుగు మీద గవ్వలు వేసి పచ్చీసు ఆడతాడు. బ్రహ్మాండంగా ఆడతాడు, ఓడిపోయేటప్పుడు తొండి కూడా చేస్తాడు. ఒకే ఇంట్లో ఉంటూ ఈ సంగతి నాకు తెలియదు. నాలుగు ఆదివారాలూ ఆయనతో ఓడిపోయాను. అంత హాయిగా నేను ఎప్పుడూ ఓడిపోలేదు.

ఎండిన చింతకాయలా ఉన్న ఆ నెల పే స్లిప్పును మడతపెట్టి కమాన్‌పూర్ తీసుకుపోయాను. స్రవంతి ఆదివారాలు చూసి, ఇంట్లో ఏం చేశారని అడిగింది. మటన్, కుక్క, పచ్చీసు, అన్నీ చెప్పాను. బగారన్నం నాటి నవ్వు మళ్లీ నవ్వింది. ఈ జీతం సరిపోతుందా అని భయంభయంగా అడిగాను.

"నాకూ జీతమొస్తది కదా," అంది. "ఇద్దరిది కలిపి నిమ్మళంగ బతుకుదం."

కథ ఇక్కడ ముగిస్తే నేను బుద్ధిమంతుడిగా మిగిలేవాణ్ణి. కానీ ముహూర్తం ఆదివారం కుదిరింది. పీటల మీద కూర్చున్నాం, ఒకరి తల మీద ఒకరం జీలకర్ర బెల్లం పెట్టుకుని ఉన్నాం. ఓవర్‌మన్ సారు అక్షింతలు వేయడానికి వచ్చి, నా చెవిలో సరదాకు, "పంపు ఆగిందిరా, మనిషి లేడు. ఇయ్యాల ప్లేడే, డబుల్ మస్టరు. తాళి కట్టినంక జల్ది వస్తవా?" అన్నాడు.

నేను వద్దనే అన్నాను. కాకపోతే అనేముందు ఒక్క క్షణం ఆలోచించాను. నా తల మీద ఆమె చెయ్యి ఉంది కదా, ఆ క్షణం స్రవంతికి తెలిసిపోయింది.

ఎనిమిదేళ్లయింది. ఆ లామినేషన్ పే స్లిప్పు మా వంటింట్లో మజ్జిగ గిన్నె మీద మూతగా ఉంటుంది. నేను అన్నం తింటూ ఎప్పుడైనా ప్లేడే మాటెత్తితే, ఆమె మూత తీసి నా పక్కన పెడుతుంది.

కాబట్టి పాఠకుల సాక్షిగా, తట్టెడు బొగ్గు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఆదివారం ఎవరు అడిగినా, ఎంత ఇస్తామన్నా, వద్దంటాను. వద్దనే ముందు ఆలోచించను కూడా. ఈ ప్రమాణాన్ని కాగితం మీద రాసి స్రవంతికి చూపించాను. చదివి, సంతకం పెట్టించుకుని, బ్యాగులో వేసుకుంది. రేపు బడి నుంచి వస్తూ లామినేషన్ చేయించుకొస్తుందట, పెరుగు గిన్నెకు మూత లేదని.