సెల్లార్‌లోకి దిగిన వాన

ఎలక్ట్రికల్ ఇంజనీరుగా రిటైరయ్యాక, అనంతపురంలో ఒక ఆఫీసు కాంప్లెక్స్ సెల్లార్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల చార్జింగ్‌కు నేనే ప్లాన్ గీసిచ్చాను. ప్లగ్గులు మోకాలెత్తున పెట్టించాను.

"ఇంకొంచెం పైకి పెట్టియ్యి సార్, వాన నీళ్లొస్తే?" అన్నాడు వాచ్‌మన్ ఓబులేసు.

వానల సంగతి కూడా రాసుకునే నా ముప్పై ఏళ్ల డైరీలు తిరగేశాను. ఆ వీధిలో నీళ్లు నిలిచిన రోజు ఒక్కటీ లేదు.

"ఏమప్పా, మన ఊళ్లో వానకు భయపడేటోన్ని నిన్నే చూస్తాండా!" అని నవ్వాను.

ఆ ఏడాదే ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. రోడ్డు మీది నీళ్లు ర్యాంపు దిగి సెల్లార్‌లోకి చేరాయి. నేను వెళ్లేసరికి ఓబులేసు ప్లగ్గులు పీకి స్కూటర్లను కాపాడాలని మోకాలి లోతు నీళ్లలో నడుస్తున్నాడు.

"ముట్టుకోవద్దప్పా, కరెంటుండాది!" అని అరుస్తూ మెయిన్ దగ్గరికి పరుగెత్తాను. స్విచ్ దించేలోపే అతను ప్లగ్గు పట్టుకుని పడిపోయాడు.

ప్రాణం దక్కింది కానీ కుడిచేతిలో పట్టు పోయింది. ఆసుపత్రిలో నన్ను ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు.

"గేటుకాడ ఇంకొకర్ని పెట్టినారా సార్?" అని మాత్రం అడిగాడు.

అప్పటికే పెట్టారు. తప్పు నాది, పని పోయింది అతనిది. దీన్ని సరిదిద్దే దారి నాకు ఇప్పటికీ దొరకలేదు.