బాపు బొటనవేలు

మా బాపు, అంటే నాన్న, రైలు నడిపే లోకో పైలట్. ఏళ్ల తరబడి గూడ్స్ నడిపి నడిపి, ఆ ఏడాదే ప్యాసింజర్ బండికి వచ్చాడు. ఇంజన్‌లో కాసేపు దేన్నీ ముట్టుకోకపోతే ఒక దీపం వెలుగుతుంది. వెంటనే బటన్ నొక్కాలి. నొక్కకపోతే, డ్రైవర్‌కు స్పృహ లేదన్నట్టు బండి తనంతట తానే ఆగిపోతుంది. అందుకే టీవీ ముందు కూర్చున్న బాపు ఎడమ బొటనవేలు టకటకా కొట్టుకుంటుంటే మాకు అనుమానం రాలేదు. కాజీపేటలో మా వీధంతా రైల్వే వాళ్లే, చూసినవాళ్లంతా నవ్వారు.

"ఏం బావా, డ్యూటీ దిగినా బటన్ ఇడుస్తలేవా?" అనేవాడు మామయ్య, అమ్మ తమ్ముడు.

"నొక్కకుంటే మీ అక్క బ్రేకేస్తది" అనేవాడు బాపు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరం అన్నం తింటున్నాం. బొటనవేలు మొదలైంది. ఈసారి ఆగలేదు. మణికట్టు, మోచేయి, భుజం, ఎడమ చెంప, ఆ వరుసలోనే పాకింది. తర్వాత బాపు కుర్చీలోంచి పడి నిలువెల్లా కొట్టుకున్నాడు. మామయ్య తాళంచెవుల గుత్తి తెచ్చి బాపు పిడికిట్లో పెట్టాడు. అమ్మ ప్రార్థన చేస్తోంది. నా చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది.

దవాఖానలో స్కాన్ తీశారు. మెదడు కుడివైపు, ఎడమ చేతిని ఆడించే చోటు పక్కనే, కణితి.

నేను ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివాను. "అంటే ఆ గడ్డలో షార్ట్ సర్క్యూట్ అవుతోందా మేడమ్?" అని అడిగాను.

"గడ్డలో కాదు, చుట్టూ ఉన్న మెదడులో" అంది డాక్టరమ్మ.

కణితి కణాలు గ్లుటమేట్ అనే రసాయనాన్ని బయటికి వదులుతాయట. అది పక్కనున్న నరాల కణాలను ఉసిగొల్పుతుంది. వాటిని అదుపు చేసే కణాలేమో దెబ్బతింటాయి. ఇంకా ఘోరం, కణాల లోపల లవణాల పాళ్లు మారిపోయి, శాంతింపజేయాల్సిన సంకేతం కూడా రెచ్చగొట్టడం మొదలుపెడుతుంది. వాపు సరేసరి. అలా ఒక గుంపు చెలరేగితే పక్క గుంపు అందుకుంటుంది.

"మెల్లగా పెరిగే గడ్డలతోనే ఫిట్స్ ఎక్కువ" అని కూడా అంది. నేను సరిగ్గా తలకిందులుగా ఊహించుకున్నాను.

"మరి ఇన్నాళ్లూ ఆ బొటనవేలు?"

"అవీ ఫిట్సే. చిన్నవి."

మామయ్య తల దించుకున్నాడు. బాపు మాత్రం మెల్లగా అడిగాడు. "ఆపరేషనైనంక బండెక్కచ్చునా మేడం?"

"గడ్డ తీసినా అంచుల దగ్గర ఫిట్స్ మిగిలిపోవచ్చు. మందులు వాడుదాం. బండి మాత్రం వద్దండీ."

వాదిస్తాడనుకున్నాను. బాపు తన చేతినే చూసుకుంటున్నాడు.

"ఇంజన్ల కొట్టుకున్నయి సుత ఫిట్సేనా?"

"ఇంజన్ల సుత కొట్టుకున్నదా?" అన్నాడు మామయ్య.

"మస్తుసార్లు."

ఇంటి సంగతే తెలుసు మాకు. బండి నడుస్తుండగా కూడానా?

"ఎనుక డబ్బాలల్ల అంతమంది జనం" అన్నాడు బాపు, ఎవరితోనో తెలియదు. తర్వాత నావైపు చెయ్యి చాపాడు. "ఫోనియ్యి బిడ్డా. ఆఫీసుల చెప్త, ఇగ బండెక్కనని."

"జర ఆగు బావా" మామయ్య అడ్డుపడ్డాడు. "ఒక్కసారి చెప్తె మళ్ల ఎక్కనియ్యరు."

"అందుకే చెప్తాన్న."

నంబరు నేనే కలిపాను.