గాడిదకు పెట్టిన మాట

ఆ పిల్లల సంగీత నాటకంలో రాజు, రాణి, చివరికి పాటలు పాడే చెంచాలు కూడా పుస్తకాల తెలుగే మాట్లాడేవి. మా తెలంగాణ మాట మాట్లాడేది గాడిద ఒక్కటే. ఆ గాడిద వేషం మా మనుమరాలిది.

ఉద్యమం రోజులు. బంద్ ఉన్ననాడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ హాలు ఖాళీగా ఉండేది, అక్కడే రిహార్సల్. దర్శకురాలు గుంటూరు వైపు ఆమె. స్టేజీకి వీపు పెట్టి, కళ్లు మూసుకుని కూర్చునేది. "చూసి ఎవరైనా నవ్వుతారండీ, విని నవ్వాలి" అనేది. ఒక్క గొడుగును పడవ చేసి, రాజు ఇంటిల్లిపాదినీ అందులో ఎక్కించి పాడించింది. ఆ ఊహకు ఇప్పటికీ దండం పెడతాను.

కానీ మా పిల్ల ఇంట్లో, "ఇగ నీ తీరు మాట్లాడ తాతా, దోస్తులు నవ్వుతున్నరు" అన్నది. బస్సులు లేకున్నా ఎల్బీనగర్ నుంచి నడిచే పోయి, మా మాట గాడిదకే ఎందుకు పెట్టిన్రని దర్శకురాలిని అడిగిన.

"నాటకంలో గాడిదే కదండీ అందరికన్నా తెలివైనది!" అన్నది.

"తెలివుంటే ఏందమ్మా, తోక గూడ ఉన్నది గద!"

మళ్లీ బంద్ నాడు ఆమె కాగితాలు పట్టుకుని నా పక్కన కూర్చున్నది.

"మీ మాట నాకు రాదండీ. తప్పు రాస్తానని భయపడి గాడిదతో సరిపెట్టాను. రాణి మాటలు మీరు చెప్పండి, నేను రాసుకుంటాను."