అత్తమ్మ పన్నుకు నీలం వెలుగు

మా అత్తమ్మ ముందు పన్ను విరిగిన రోజు మానుకోటలో కరెంటు లేదు. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. కరెంటు లేకపోవడానికి కారణం మా ఆయన. ఆయనొక్కడే కాదు లెండి, భూపాలపల్లి బొగ్గు గనుల్లో పనిచేసే వాళ్లంతా తెలంగాణ కోసం సమ్మెకు దిగారు. బొగ్గు ఆగింది, కోతలు పెరిగాయి. వాడకట్టులో ఎవరు విసుక్కున్నా అత్తమ్మ ఊరుకునేది కాదు. అది తన కొడుకు బంద్ పెట్టిన కరెంటని, గొణగకుండా దీపం వెలిగించుకోమని గర్వంగా చెప్పేది.

నేను పళ్ల డాక్టర్ని. స్టేషన్ రోడ్డులో ఒక్క షట్టర్ గది నా దవాఖాన. ఆ రోజు బంద్. దవాఖానలకు మినహాయింపు ఉన్నా, వరసలో అందరూ షట్టర్లు దించితే నేనొక్కదాన్నే తెరవడం బాగుండదని నేనూ దించేశాను. లోపల కొవ్వొత్తి పెట్టుకుని సామాను సర్దుకుంటున్నాను. పక్కనున్న చిన్న తలుపు తోసుకుని అత్తమ్మ వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

ఆ కొంగు చూడగానే చేతిలో సామాను పక్కన పడేశాను. ఎందుకో చెప్పాలి. తన పెళ్లయిన కొత్తలో అత్తమ్మ కొన్నేళ్లు విజయవాడలో ఒక హాస్టల్ వంటింట్లో పనిచేసింది. ఆమె నోరు తెరిచి ‘ఏంది’ అంటే చాలు, అక్కడి వాళ్లు అదే మాటను సాగదీసి అని నవ్వేవాళ్లట. అప్పటి నుంచి మాట్లాడేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది. నేను కోడలిగా వచ్చాక పదేళ్లు ఆమె నవ్వును పూర్తిగా చూడలేదు. ఉద్యమం మొదలయ్యాక ఒకరోజు దీక్షా శిబిరంలో ఎవరో మైకు ఇచ్చారు. పాట ఎత్తుకుంది. రెండో చరణానికి కొంగు జారిపోయింది, ఆమె చూసుకోలేదు. ఆ తర్వాత కొంగు మళ్లీ నోటికి అడ్డం పెట్టలేదు. పన్ను విరిగిన రోజు సాయంత్రం జనగామలో మహిళల సభ ఉంది, మొదటి పాట ఆమెదే. మధ్యాహ్నం వ్యాను బయలుదేరుతుంది.

విషయమేమిటంటే, వ్యానుకు బ్యానర్ కడుతుంటే నైలాన్ తాడు ముడి పడింది. అత్తమ్మ దాన్ని పంటితో విప్పబోయింది. ముడి విడింది, పన్నూ విరిగింది. విరిగిన ముక్కను కొంగు చివర ముడి వేసుకుని తెచ్చింది. ముడి విప్పి నా అరచేతిలో పెట్టి, కొంగు చాటు నుంచే మాట్లాడింది.

“నేను జనగామకు పోను. వేరేటోళ్లతోని పాడిపియ్యమని చెప్పు.”

నాకు కోపం వచ్చింది. తాడు మీద, ఆమె మీద, కోత మీద. కొవ్వొత్తి దగ్గర పెట్టి చూస్తే నరం దాకా పోలేదు, ముక్క కూడా చక్కగా అతుకుతుంది. చిక్కల్లా జిగురుతోనే. పళ్లకు వాడే ఆ జిగురు గాలికి ఆరేది కాదు. నీలం వెలుతురు పడితేనే గట్టిపడుతుంది. అందుకు తుపాకీలాంటి లైటు ఉంటుంది, నాదేమో ప్లగ్గుకు పెట్టే పాతది. కోతల్లో గదిలో వెలిగించుకునే ఛార్జింగ్ లైటు కూడా చచ్చి రెండు రోజులైంది. జెనరేటర్‌లో డీజిల్ పోద్దామంటే పెట్రోలు బంకులు బంద్. కొడుక్కి ఫోన్ చేసి ఒక్క గంట కరెంటు ఇప్పించమని అత్తమ్మను ఆటపట్టించాను. పన్ను పోతే పోయింది గానీ సమ్మె జోలికి రావద్దని కళ్లతోనే ఉరిమింది.

అప్పుడు నా చూపు మూలనున్న డబ్బా మీద పడింది. ఏడవకుండా పన్ను పీకించుకున్న పిల్లలకు నేనో వెలుగు గాజు ఇచ్చేదాన్ని. మా ఆయన జాతరలో కొని తెచ్చిన గాజులవి. ప్లాస్టిక్ గొట్టం లోపల సన్నటి అద్దం గొట్టం ఉంటుంది. వంచితే అది పుటుక్కున పగిలి రెండు రసాయనాలు కలుస్తాయి, వెలుగు వస్తుంది. వైరు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, బొగ్గూ అక్కర్లేదు. డబ్బా బోర్లించి నీలం రంగువి ఏరాను. ఎనిమిది దొరికాయి.

అత్తమ్మ ఒక గులాబీ గాజు తీసి నా ముందు పెట్టింది. పోయేది తెలంగాణ సభకు, ఉద్యమం రంగు గులాబీ ఉండగా నీలం ఎందుకని ఆమె బాధ. ఈ జిగురుకు రాజకీయం తెలియదని, నీలం తప్ప ఇంకేదీ దానికి పట్టదని నచ్చజెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు.

స్టవ్ మీద నీళ్లు కాచి, గాజులు వంచి ఆ వేడి నీళ్లలో ముంచాను. వేడి తగిలితే వెలుగు పెరుగుతుంది. ముందుగా అద్దం పలక మీద ఒక జిగురు చుక్క వేసి చూశాను. చాలాసేపటికి పైన మీగడలా కట్టింది. నాకది చాలు. పన్ను శుభ్రం చేసి, మందు రాసి, జిగురు పెట్టి ముక్కను అతికించాను. ఎనిమిది గాజుల్నీ కట్టగట్టి, పల్చటి కవరు చుట్టి పన్నుకు ఆనించి పట్టుకున్నాను. చల్లబడితే మళ్లీ నీళ్లలో ముంచడం, మళ్లీ ఆనించడం. అత్తమ్మ ముఖమంతా నీలంగా వెలిగిపోయింది. ముప్పావు గంట ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. మా సంసారంలో అలాంటిది మళ్లీ జరగలేదు. ఇప్పుడు వేరే డాక్టరెవరైనా ఇలా చేస్తే నేనే తిడతాను.

ముక్క నిలబడింది. కానీ పళ్లు పరీక్షించే సూది మొనతో తాకి చూస్తే అంచుల్లో జిగురు ఇంకా మెత్తగానే ఉంది. పాటలో గట్టిగా నోరు తిప్పితే ఊడివస్తుంది. బయట వ్యాను హారన్ కొట్టింది. ఏం చేయాలో తోచక ఆ అద్దం పలక చేతిలో పట్టుకునే షట్టర్ ఎత్తాను. చుర్రుమని ఎండ. డ్రైవరుకు రెండు నిమిషాలు ఆగమని చెప్పి పలక వైపు చూస్తే, చుక్క రాయిలా బిగుసుకుపోయింది.

కాలేజీలో మొదటి రోజే చెప్పారు, ఈ జిగురు సీసాను కిటికీ దగ్గర పెట్టొద్దు, ఎండకు గట్టిపడుతుందని. బంద్‌కు మర్యాద ఇచ్చి షట్టర్ దించినదాన్ని సూర్యుణ్ణి కూడా బంద్ చేశాను. నా తెలివికి నాకే నవ్వొచ్చింది. గాజుల వెలుగు ముక్కను కదలకుండా పట్టి ఉంచింది, మిగతా పని ఎండ చేస్తుంది.

వ్యాను పైకప్పు లేనిది. అత్తమ్మను ఎండ పడే వైపు కూర్చోబెట్టి పక్కన నేనెక్కాను. పెదవులు కలపొద్దని, పన్నుకు ఎండ తగలాలని, కొంగు అడ్డం పెడితే అంతా పాడవుతుందని గట్టిగా చెప్పాను. ఆమె కొంగు నడుములో దోపుకుంది. అలా పళ్లన్నీ బయటపెట్టుకుని కూర్చుంది. తొర్రూరులో రోడ్డు పక్క జనం మా వైపు చూసి, ఈ అవ్వ తమనే చూసి నవ్వుతోందనుకుని తిరిగి నవ్వారు. ప్రతి ఊళ్లోనూ అదే. మొదట ఆమె సిగ్గుపడింది, తర్వాత నిజంగానే నవ్వడం మొదలుపెట్టింది. వ్యానులో ఆడవాళ్లంతా ఆమెను చూసి పొట్ట పట్టుకుని నవ్వారు.

జనగామ చేరగానే వెంట తెచ్చుకున్న సూది మొనతో అంచులు గీకి చూశాను. గట్టిపడింది. జిగురు పట్టేసిందని, ఇక పెదవులు కలుపుకోవచ్చని చెప్పాను.

అత్తమ్మ నాలుకతో పన్ను తడిమి చూసుకుంది.

“ముప్పై ఏండ్లు మూసుకునే ఉన్న గద బిడ్డా. ఇగ ఎందుకు?”

ఆ మాట అని, స్టేజీ వైపు నడిచింది. మైకు దగ్గర నిలబడి కొంగును ఇంకోసారి గట్టిగా దోపుకుని పాట ఎత్తుకుంది. నేను కింద నిలబడి పన్ను చూద్దామనుకున్నాను గానీ, కళ్లనిండా నీళ్లు వచ్చి ఏమీ కనబడలేదు.